టాప్ ఫ్లోర్ వేడికి మిద్దె మీద మట్టి పరిస్తే భూకంపానికి ప్రమాదమా? (నిజాంపేట)

ఐదో_అంతస్తు_నిజాంపేట:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది స్టిల్ట్ పార్కింగ్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మేముండేది ఐదో అంతస్తు, నెత్తి మీద ఇక స్లాబే. ఇంట్లో నేను, మా ఆయన, ఆరేళ్ళ పాప, 74 ఏళ్ళ అత్తమ్మ. మార్చి నెలాఖరు నుంచే రాత్రి పది దాటాక కూడా పడగ్గది గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది. కూలర్ పెడితే కాసేపు బాగానే ఉంటుంది, తర్వాత ఒకటే ఉక్క. ఏసీ ఒక్క గదిలోనే ఉంది, అందులో అత్తమ్మ పడుకోరు, మోకాళ్ళు పట్టేస్తాయంటారు. కిందటేడు మే నెలలో ఒక మధ్యాహ్నం ఆవిడ కళ్ళు తిరిగి బాత్రూం గడప దగ్గర కూలబడిపోయారు, పాప చూసి అరిస్తే నేను పరుగెత్తాను. అప్పటి నుంచి ఎండాకాలం అంటేనే నాకు టెన్షన్.

ఈసారి అసోసియేషన్ మీటింగ్‌లో టెర్రస్ అంతా ఆరంగుళాల ఎర్రమట్టి పరిచి మిద్దె తోట వేద్దామన్నారు. కిందికి వేడి దిగదు, కూరగాయలు కూడా వస్తాయి, తలా కొంత వేసుకుంటే సరిపోతుంది అని. అందరికంటే ఎక్కువ సంతోషపడింది మేమే. కానీ మూడో అంతస్తులో ఉండే పెద్దాయన ఒకరు లేచి, భూకంపం వస్తే ఆ బరువు ఎవరు మోస్తారని అడిగారు. హైదరాబాద్‌లో భూకంపం ఏమిటండీ అని అందరూ కొట్టిపారేశారు. నేను కొట్టిపారేయలేకపోయాను.

ఎందుకంటే 2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నరకి నేను పాపకు జడ వేస్తున్నాను. మంచం పక్కకు జరిగినట్టయింది, ఫ్యాన్ ఊగింది, వంటింట్లో గిన్నెల స్టాండు గలగలమంది. ములుగు వైపు 5.3 వచ్చిందని తర్వాత టీవీలో చెప్పారు. ఆ క్షణంలో నేను పాపను ఎత్తుకుని మెట్ల మీదుగా కిందికి పరుగెత్తాను. సగం దిగాక గుర్తొచ్చింది, అత్తమ్మ పైనే ఉన్నారని. ఆవిడ ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం ఇప్పటికీ లోపల తొలిచేస్తూనే ఉంది.

మట్టి వేయించాలా వద్దా? వద్దంటే వేడికి ఇంకేం చేయాలి? మళ్ళీ అలా ఊగితే నడవలేని మనిషిని పెట్టుకుని ఐదో అంతస్తులో ఏం చేయాలి? ఇంకొకటి, ఎండలు ముదిరితే భూమి లోపల వేడెక్కి భూకంపాలు వస్తాయని మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది, అది నిజమేనా?

సైట్_ఇంజినీర్_ఎల్బీనగర్:

మట్టి వద్దమ్మా. మూడో అంతస్తు పెద్దాయన అడిగింది సరైన ప్రశ్న.

లెక్క చెప్తాను, మీటింగ్‌లో పనికొస్తుంది. మీ టెర్రస్ మూడు వేల చదరపు అడుగులు అనుకుందాం. ఆరంగుళాల మట్టి తడిసిందంటే చదరపు మీటరుకు 250 కిలోలు దాటుతుంది. మొత్తం చూస్తే 70 టన్నులు. మనుషులు ఎక్కి తిరిగే టెర్రస్‌ను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. అంటే భూకంపం సంగతి తర్వాత, ఒక పెద్ద వాన పడి నీళ్ళు పోయే పైపు మూసుకుపోయినా మీ స్లాబుకు కష్టమే.

ఇక భూకంపం. భూమి పక్కలకు ఊగినప్పుడు బిల్డింగ్ మీద పడే తోపు దాని బరువును బట్టి ఉంటుంది, ఆ బరువు ఎంత ఎత్తున ఉంటే కింది పిల్లర్లకు అంత కష్టం. నిండు బిందె నెత్తిన పెట్టుకుని నడిచే మనిషిని పక్కనుంచి తోసి చూడండి, అదే బిందె చంకన ఉన్న మనిషిని తోసి చూడండి, ఎవరు ముందు పడతారో తెలుస్తుంది. పైగా మీది స్టిల్ట్. పై అంతస్తులన్నిటికీ గోడలుంటాయి, కింద మాత్రం పార్కింగ్ కోసం ఒట్టి పిల్లర్లే. ఊగేటప్పుడు ఆ వంగడమంతా ఆ పిల్లర్ల దగ్గరే జరుగుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు పడ్డాయి, వాటిలో చాలావరకు ఇలా కింద ఖాళీగా వదిలి కట్టినవే.

అలాగని రాత్రి నిద్ర మానుకోవద్దు. దేశాన్ని జోన్ 2 నుంచి జోన్ 5 దాకా విభజించిన మ్యాపులో హైదరాబాద్ ఇన్నేళ్ళుగా అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న జోన్ 2లోనే ఉంది. భద్రాచలం, ఖమ్మం, గోదావరి లోయ వైపు జోన్ 3. సరిగ్గా కట్టిన బిల్డింగ్ ములుగు లాంటి దాన్ని తట్టుకుంటుంది. కట్టినప్పుడు లెక్క వేయని 70 టన్నులను మనమే తీసుకెళ్ళి పైన పెట్టి, బైక్ పట్టడం లేదని కింద పిల్లరు మూల చెక్కిస్తే మాత్రం ఆ భరోసా ఉండదు. ఆ చెక్కడం కూడా కళ్ళారా చూశాను కాబట్టి చెప్తున్నాను.

వేడికి తెల్ల రంగు వేయించండి. ముందు పగుళ్ళు పూడ్పించి, స్లాబు శుభ్రంగా కడిగించి, కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు. డబ్బు సరిపోకపోతే సున్నంలో జిగురు కలిపి వేయించండి, ప్రతి ఏడూ మళ్ళీ వేయించాల్సి ఉంటుంది, అంతే. బరువు అసలు లెక్కలోకే రాదు. కాంక్రీటు పగలంతా ఎండ తాగి రాత్రి ఇంట్లోకి వదులుతుంది, మీ గోడ రాత్రి పదికి వెచ్చగా ఉండేది అందుకే. తెల్లగా ఉంటే ఎండలో చాలా భాగం పైకే తిరిగిపోతుంది. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో కొన్ని ఇళ్ళ మీద తెల్ల పొర వేసి కొలిస్తే లోపల సగటున 2 డిగ్రీల తేడా కనిపించింది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే కొత్త ఇళ్ళకు తప్పనిసరి చేశారు.

మిద్దెతోట_మల్కాజిగిరి:

ఇంజినీర్ గారూ, మీ లెక్క తప్పనను, కానీ ఇది చదివి జనం మిద్దె తోటంటేనే భయపడతారు. నాకు ఎనిమిదేళ్ళుగా ఉంది. కింద మా గది ఎంత చల్లబడిందో నాకు తెలుసు, టమాటా, బచ్చలి, పొట్ల కొన్న రోజు గుర్తులేదు. స్లాబు మీద మట్టి పరవడం మాత్రం ఎప్పుడూ చేయలేదు, చేయకూడదు కూడా. గ్రో బ్యాగుల్లో కొబ్బరి పొట్టు, ఎండుటాకుల ఎరువు ఎక్కువగా, మట్టి తక్కువగా కలుపుతాను. పెద్ద తొట్లన్నీ కింద దూలం ఉన్న చోటే, స్టాండ్ల మీద. నడి స్లాబు ఖాళీ. పందిరికి సన్న ఇనుప పైపులు, పైన షేడ్ నెట్. మే నెలలో ఈదురుగాలి వస్తే రేకులు పక్కింటి మీదకి ఎగురుతాయి, నెట్ అయితే చిరుగుతుంది, అంతే.

సైట్_ఇంజినీర్_ఎల్బీనగర్:

మీరు చేసినట్టు చేస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదన్నా. తెల్ల రంగు వేసి, దూలాల మీద తేలికైన కుండీలు పెట్టుకుంటే రెండూ కుదురుతాయి. ఒక్క మాట కలుపుతాను, పిట్టగోడ మీద కుండీలు పెట్టకండి. ఊగినప్పుడు జనం బయటికి పరుగెత్తేది సరిగ్గా వాటి కిందికే.

జహీరాబాద్_నుంచి:

ఈ మట్టి సంగతి చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చి రాస్తున్నాను. మాకు బట్టల వ్యాపారం, నాన్న మహారాష్ట్రలోని ఉమర్గా, లాతూర్ వైపు సంతలకు వెళ్ళేవాడు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా కిల్లారిలో భూకంపం. అంతకు ముందు రాత్రే వినాయకుణ్ణి నిమజ్జనం చేసి వచ్చి అలసిపోయి పడుకున్నారు ఊళ్ళకు ఊళ్ళు. జహీరాబాద్‌లో మా మంచాలు కూడా కదిలాయి, నేను చిన్నవాణ్ణి, అమ్మ చెయ్యి పట్టుకుని వాకిట్లో నిలబడటం లీలగా గుర్తు.

అక్కడి ఇళ్ళ గురించి నాన్న చెప్పేవాడు. బండరాళ్ళను మట్టితో పేర్చిన మందపాటి గోడలు, పైన కర్ర దూలాలు, వాటి మీద మూరెడు మట్టి. ఎండాకాలం సంత ముగించుకుని ఎవరింట్లోనైనా నడుం వాలిస్తే బావిలో కూర్చున్నంత చల్లగా ఉండేదట. వాన కారినప్పుడల్లా పైన ఇంకో తట్ట మట్టి వేసేవాళ్ళట, అలా ఏళ్ళ తరబడి పెరిగింది ఆ బరువు. ఎండ నుంచి కాపాడుకోవడానికి వేసుకున్న మట్టే ఆ రాత్రి పడుకున్న వాళ్ళ మీద కూలింది. దాదాపు పది వేల మంది పోయారు. నాన్న ఉద్దెర ఇచ్చే ఇల్లొకటి ఉండేది, ఆ ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాత ఆయన ఆ ఖాతా పుస్తకం చింపలేదు, అడగలేదు, పెట్టెలో అలాగే ఉంచాడు.

బతికిన వాళ్ళు చాలా కాలం రేకుల షెడ్లలో ఉన్నారు. మట్టి మిద్దె కిందికి పొమ్మంటే వణికేవాళ్ళట, రేకుల కింద ఎండాకాలం ఉడికిపోయేవాళ్ళట. అందుకే అక్కా, మీ ప్రశ్న చిన్నదేమీ కాదు.

క్యాజువాలిటీ_నర్సు:

నేను మీ అత్తమ్మగారి గురించి రాస్తాను. ఎండాకాలం డ్యూటీల్లో ఇలాంటి పెద్దవాళ్ళను చాలామందిని చూశాను, ఎక్కువమంది ఎండలో తిరిగిన వాళ్ళు కాదు, టాప్ ఫ్లోర్ గదిలో తలుపులు వేసుకుని పడుకున్న వాళ్ళు. 2015 వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే అందులో చాలా ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్ళే.

ముందు మీ కూలర్. కూలర్ నడుస్తున్నంతసేపూ కిటికీ ఒకటి తెరిచి ఉండాలి. బయటి గాలి తీసుకుని తడిపి లోపలికి తోయడమే దాని పని, ఆ తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే గదంతా చెమ్మ పట్టి చెమట ఆరదు. మీరు చెప్పిన ఉక్క అదే అనుకుంటున్నాను. కూలర్‌ను కిటికీలో బయటికి పెట్టి ఎదురు కిటికీ తెరవండి. మన హైదరాబాద్ ఎండ పొడి ఎండ కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. ఒట్టి ఫ్యాన్ మాత్రం గదిలో వేడి 40 దాటాక చల్లబరచదు, వేడిగాలిని ఒంటికి కొడుతుంది. అప్పుడు ఒళ్ళు తడిగుడ్డతో తుడవాలి.

పెద్దవాళ్ళకు దాహం తెలియదు. అడిగితే వద్దంటారు, పైగా బాత్రూంకి లేవాలని నీళ్ళు తగ్గించుకుంటారు. అడగకండి, చేతికివ్వండి. పల్చటి మజ్జిగలో ఉప్పు, రాగి అంబలి, సబ్జా నీళ్ళు, ఏదైనా సరే గంటకోసారి. ఓఆర్ఎస్ ఇస్తే పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసుకు కొంచెం కొంచెం వేసి ఇవ్వకూడదు. ఆవిడకు బీపీ ఉంటే, ఆ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉన్నాయేమో ఏప్రిల్‌లోనే డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానేయొద్దు. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎన్ని నీళ్ళివ్వాలన్నది కూడా ఆయన్నే అడగాలి.

నేను మీ స్థానంలో ఉంటే చేసే పని ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా ఆవిడను రెండో అంతస్తులో ఎవరింట్లోనైనా కూర్చోబెట్టేదాన్ని. ఒకే బిల్డింగులో రెండో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ చాలా తేడా ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి.

మనిషి తడబడుతూ మాట్లాడినా, ఎక్కడున్నారో తెలియనట్టు చూసినా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చోవద్దు. బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి, చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. పారాసిటమాల్ ఇవ్వకండి, ఇది జ్వరం కాదు, ఆ మాత్రకు తగ్గదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలన్నారు, ఆ పదిహేను రోజులూ ఆవిడను ఒంటరిగా వదలకండి.

బోరబండ_సైట్3:

భూకంపం భాగం నేను రాస్తా. 2020 అక్టోబరులో మా బోరబండలో భూమిలోంచి ఢాం ఢాం అని శబ్దాలు, చిన్న చిన్న కుదుపులు, పిల్లలతో సహా రాత్రి గల్లీలోనే కూర్చున్నాం. ఎన్‌జీఆర్ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు వచ్చి పరికరాలు పెట్టారు, చాలా చిన్నవే, భయపడొద్దన్నారు. అప్పటి నుంచి నేను దీని గురించి దొరికినవన్నీ చదువుతున్నాను.

వాట్సాప్ మాట నిజం కాదక్కా. ఎండ వేడి నేలలోకి దిగేది మీటర్ల లెక్కలో. ములుగు భూకంపం పుట్టింది 40 కిలోమీటర్ల లోతున. అది వచ్చింది డిసెంబరు చలిలో, కిల్లారిది సెప్టెంబరు, భుజ్‌ది జనవరి. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది ఏప్రిల్ 13న, అదొక్కటి చూపించి ఎండాకాలమే అనే వాళ్ళుంటారు, కానీ దానికి కాలంతో పని లేదు. ఫలానా రోజు వస్తుందని ముందే చెప్పగలిగేవాళ్ళు కూడా ఎవరూ లేరు, అలాంటి మెసేజ్ వస్తే అక్కడే ఆపేయండి.

మళ్ళీ ఊగితే మెట్ల మీదికి పోవద్దు, లిఫ్ట్ అసలే వద్దు. ఐదంతస్తులు దిగేలోపు ఊగడం అయిపోతుంది, ఈలోపు మెట్ల మీద తోపులాటలో పడితే అదే పెద్ద దెబ్బ. గట్టి డైనింగ్ టేబుల్ కిందికి పాపతో దూరి, తల కాపాడుకుని, టేబుల్ కాలు పట్టుకోండి. అత్తమ్మ మంచం మీద ఉంటే అక్కడే ఉండాలి, దిండు తల మీద పెట్టి బోర్లా పడుకుంటే చాలు. అందుకే ఆమె మంచం కిటికీ అద్దం పక్కన, సజ్జ కింద లేకుండా ఈ రోజే జరపండి. సజ్జ మీద ఇత్తడి బిందెలు, పాత మిక్సీ ఉంటే దించండి. బీరువా గోడకు ఎల్ క్లాంపులతో బిగించండి, కార్పెంటర్‌కు అరగంట పని. ఊగడం ఆగాక చెప్పులేసుకుని, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, అప్పుడు అందరూ కలిసి దిగండి. నిజాంపేట గల్లీలు ఇరుకు, బిల్డింగ్ పక్కనే నిలబడకుండా దగ్గర్లో ఖాళీ ప్లాటు ఏదో ముందే చూసిపెట్టుకోండి.

ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో భూకంప హెచ్చరికలు ఆన్ చేసుకోండి, 2023 నుంచి మన దేశంలో వస్తున్నాయి. దూరంగా పుడితే కొన్ని క్షణాల ముందు మోగవచ్చు. మేము తలుపు పక్కన ఒక సంచి తగిలించి ఉంచుతాం, టార్చి, నీళ్ళ సీసా, అమ్మ మాత్రలు వారానికి సరిపడా, ఓఆర్ఎస్, పవర్ బ్యాంక్, విసనకర్ర. భూకంపానికి పెట్టుకున్నదే కానీ మే నెలలో కరెంటు పోయినప్పుడల్లా పనికొచ్చింది.

ఆ రోజు మీరు పాపను ఎత్తుకుని పరుగెత్తారంటే ఏం చేయాలో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి. మా గల్లీలో అందరం అదే చేశాం. ఒకసారి అత్తమ్మతో కూర్చుని, మళ్ళీ వస్తే ఇలా చేద్దాం అని మాట్లాడుకోండి.

ఐదో_అంతస్తు_నిజాంపేట:

పది రోజుల తర్వాత రాస్తున్నాను, అందరికీ పేరు పేరునా నమస్కారాలు. ఆదివారం మీటింగ్‌లో 70 టన్నుల లెక్క చదివి వినిపించాను. జహీరాబాద్ తమ్ముడు రాసింది కూడా చదివాను, చదవడం పూర్తయ్యాక మట్టి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తెల్ల రంగుకే తలా కొంత వేసుకున్నాం, నిన్న రెండో కోటు అయింది. ఎంత తేడా వస్తుందో మే నెల వస్తే కానీ తెలియదు, చూసి మళ్ళీ ఇక్కడే రాస్తాను. పిట్టగోడ మీద పద్నాలుగు కుండీలున్నాయి, మా ఆయనా వాచ్‌మనూ కలిసి అన్నీ కిందికి దించారు.

కూలర్ కిటికీలోకి మారింది. ఆ ఉక్క పోయింది, నర్సమ్మా, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

అత్తమ్మతో మాట్లాడాను. ఆ రోజు ఊగినప్పుడు ఆవిడ మంచం కోడు పట్టుకుని కూర్చున్నారట, నేను పాపను తీసుకుపోయానని చూశాక ధైర్యం వచ్చిందట. ఇప్పుడు పాపకు టేబుల్ కిందికి దూరడం ఆవిడే నేర్పిస్తున్నారు, రోజూ సాయంత్రం ఒకసారి. రేపటి నుంచి మధ్యాహ్నాలు ఆవిడ రెండో అంతస్తులో ఉంటారు. అడిగితే వాళ్ళు వెంటనే సరే అన్నారు, వాళ్ళింట్లోనూ ఒక పెద్దావిడ ఉన్నారు.

ఇంజినీర్ గారూ, ఒకటి మిగిలింది. మా ట్యాంకు ఐదు వేల లీటర్లది, సరిగ్గా మా పాప పడుకునే గది మీద ఉంది, కింద దూలం ఉందో లేదో తెలియదు. ఫోటోలు తీసి పెడితే చూసి చెప్తారా, లేక మనిషే వచ్చి చూడాలా?

సైట్_ఇంజినీర్_ఎల్బీనగర్:

ఫోటోలతో తేలదమ్మా, స్ట్రక్చరల్ డ్రాయింగ్ కావాలి. బిల్డర్ దగ్గర గానీ అసోసియేషన్ ఫైల్లో గానీ ఉంటుంది, అడిగి తీసుకోండి. దొరికితే పిల్లర్లు, దూలాలు ఎక్కడున్నాయో కనిపించే పేజీ పెట్టండి, చూస్తాను. దొరకకపోతే స్ట్రక్చరల్ ఇంజినీరును ఒకసారి పిలిపించండి, ఆ ఖర్చు అందరిదీ. ఈలోపు పాప మంచం పక్క గదిలోకి మార్చండి.